వంత గొంతు

నేను మాట్లాడినట్టే రాస్తే చదివేవాళ్ళకు కష్టమన్నావు కదా, సరే, నువ్వు బడిలో నేర్చుకున్న తెలుగులోనే రాసుకో. కానీ ఎవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు. వాటిని దిద్దావంటే నేను ఇంకో ముక్క చెప్పను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నుంచి మొదలుపెడదాం. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. నువ్వు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో పాట పెట్టావు. ఇంగ్లీషు పాట. ఒక్క మాట తెలిస్తే ఒట్టు. అయినా నా చేయి ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి, తొందరేమీ లేకుండా, ఒక్కో మాటనూ చప్పరిస్తున్నట్టు పాడుతోంది. పక్కన ఆర్గన్ లాంటిది మెల్లగా మోగుతోంది. ఆమె ఒక వరుస పాడి ఆగగానే వెనక నుంచి ముగ్గురో నలుగురో ఆడవాళ్ళు ఆ వరుస చివరి మాటను అందుకుని తిరిగి అంటున్నారు. పాట మీద సన్నగా గరగర.

"ఎప్పటి పాటనే ఇది? మీ తాత పుట్టకముందుదా?" అని అడిగాను.

"కొత్తదే నానమ్మా. పాడెటామె గూడ చిన్నదే. పాత పాట లెక్క వినబడాలని గట్ల చేసిండ్రు. రెట్రో అంటరు."

"మరి గా గరగర ఏంది?"

"అది గూడ కావాలనే పెట్టిండ్రు."

"పాతది గావాలంటే పాతోళ్ళను పిలిచి పాడియ్యొచ్చు గదా. ఒక్కలు గూడ దొరకలేదా?"

"నీతోని పరేషాన్ నానమ్మా," అని నవ్వి నువ్వే అన్నీ చెప్పావు. ఈ పద్ధతిని సోల్ అంటారని, అంటే ఆత్మ అని, అమెరికాలో నల్లవాళ్ళ గుళ్ళలో పాడే తీరు నుంచి వచ్చిందని. ఈ పాటలో ఆమె తనను వదిలి వెళ్ళినవాడి కోసం తలుపుకు గడియ పెట్టకుండా పడుకుంటుందట. గడియ పెట్టకుంటే కుక్కలొస్తయ్ అన్నాను. నువ్వు పడీపడీ నవ్వావు.

అప్పుడు అడిగాను నిన్ను, వెనక పాడేవాళ్ళు ఎవరని. నువ్వు ఫోన్‌లో వెతికావు. ముందు పాడే ఆమె పుట్టినరోజు దొరికింది. ఆమె ఇల్లు దొరికింది. ఆమె కుక్క ఫొటో కూడా దొరికింది. చాలాసేపు వేలితో పైకీ కిందికీ తోసి, "వాళ్ళ పేర్లు యాడ లేవు నానమ్మా. వెనక పాడిండ్రు అని రాసిండ్రు, గంతే," అన్నావు.

"గంతేనా?"

"గంతే."

మంచి కాయలను తీసి ఈనెల పళ్ళెంలో వేస్తున్నానని నువ్వు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఏమైందే అని అడిగావు. ఆ రోజు నీకు చెప్పింది ఇదే. ఇప్పుడు నింపాదిగా రాసుకో.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు శంషాబాద్‌లో విమానాలు లేవు. జొన్న చేలు ఉండేవి. చేల మధ్య మన క్రైస్తవ సంఘం గుడి, రేకుల కప్పు. మీ తాతకు ఒక అక్క. నాకు వదిన. ఆమెను ఇచ్చింది కూడా ఈ ఊళ్ళోనే, మన ఇంటికి రెండు గల్లీల అవతల. అంటే పెళ్ళయినా పుట్టింటిని విడిచింది లేదు, పుట్టింటి పెత్తనాన్ని విడిచింది లేదు.

మన సంఘంలో పాట ఎత్తడం అని ఒకటుంది. ఇప్పుడు కీబోర్డులు వచ్చాయి కానీ అప్పుడు ఏ వాయిద్యమూ మొదలు కాకముందే ఒక మనిషి మొదటి వరుస పాడాలి. ఆమె ఏ శ్రుతిలో పట్టుకుంటే అందరూ ఆ శ్రుతిలోనే పాడాలి. మిగిలిన ఆడవాళ్ళు వెనక అందుకుంటారు, అది వంత. మా ఆడవాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఇంటి ఆడబిడ్డ కూర్చుని ఉండగా కోడలు పాట ఎత్తకూడదు. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పాస్టరు గారూ చెప్పలేదు. అయినా ఉండేది.

అది తెలియక నేను వచ్చిన మొదటి ఆదివారమే పాట ఎత్తాను. మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ నేనే ఎత్తేదాన్ని మరి. రెండో వరుస దాకా పోయానో లేదో మా అత్త నా తొడ మీద గిల్లింది, మచ్చ వారం రోజులు ఉంది. బయటికి వచ్చాక వదిన అందరి ముందూ నవ్వుతూ అడిగింది: "మీ ఊర్ల కోడండ్లే ముందుగాల తిని లేస్తరా పిల్లా?"

అందరూ నవ్వారు. మీ తాత కూడా నవ్వాడు. రాయి, రాయి, ఆయన పోయాడని దాచనవసరం లేదు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు వంత పాడాను. పెళ్ళిళ్ళకు, చావులకు, ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటాలకు. ఆమె ముందు, నేను వెనక. ఒక్కసారి వంటింట్లో నేను పాడుకుంటుంటే మీ తాత వచ్చి నిలబడి, "మా అక్క గొంతు కంటే నీ గొంతే చల్లగుంటదే," అన్నాడు. ఆ వెంటనే, "గీ మాట బయట అనకు," అన్నాడు. అనలేదు. ఇదే మొదటిసారి అనడం.

అబద్ధం చెప్పకూడదు, ఆమె గొంతు గొప్పదే. విమానాశ్రయం వచ్చాక గుడి మీదుగా పెద్ద మోతతో విమానాలు దిగడం మొదలైంది కదా. పాట మధ్యలో విమానం వస్తే మగవాళ్ళు పాడడం ఆపేసేవారు. ఆమె ఆపేది కాదు. వరుస చివరి అక్షరాన్ని పట్టుకుని, విమానం పోయేదాకా సాగదీసేది. మేము ఆమె ముఖం చూస్తూ కూర్చునేవాళ్ళం. మోత తగ్గాక ఆమె తల ఊపేది, అప్పుడు మేము అందుకునేవాళ్ళం. ఊపిరి ఎక్కడ దాచుకునేదో. ఆ మాట ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు నేను. ఆమె నాతో అనని మాటలు చాలా ఉన్నాయి, చెల్లుకు చెల్లు.

ఆమె కొడుకు, ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవాడు, తెలుసు కదా నీకు, ఒకసారి కూటంలో తల్లి పాటను ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. ఫోన్‌ను ఆమె నోటి దగ్గర పట్టుకుని నా వైపు తిరిగి, "అత్తమ్మా, జర దూరం జరుగు. నీ గొంతు ఎక్కువ పడుతున్నది," అన్నాడు. గోడ దాకా జరిగాను. గోడకు ఆనుకుని పాడాను.

పోయినేడాది ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దవాఖానలో చూడటానికి పోయాను. కొడుకు మందులకు పోయాడు, మేమిద్దరమే ఉన్నాం. నా చేయి పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడు పట్టుకుందో గుర్తు లేదు.

"నేను పోయిననాడు పాట నువ్వే ఎత్తు," అంది.

"గట్ల మాట్లాడకు వదినె."

"మాట్లాడక ఏం జేస్తం? నువ్వే ఎత్తాలె. నాకు మాటియ్యి."

ఏ పాటో కూడా ఆమే చెప్పింది. మాట ఇచ్చాను. బయటికి వచ్చి బస్సులో కూర్చున్నాక ఏడ్చాను. అది దుఃఖం ఒక్కటే కాదు. ఇది నీకు కూడా ఆదివారం నాడు సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ మరునాటి నుంచి ఆ పాటను సాధన చేయడం మొదలుపెట్టాను. బియ్యం ఏరుతూ, బట్టలు ఆరేస్తూ. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ సాగదీయాలి, అన్నీ చూసుకున్నాను. మనిషి చావు కోసం ఎదురుచూడడం వేరు, ఆ రోజుకు గొంతు సిద్ధం చేసుకోవడం వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు నెలలు చెప్పుకున్నాను. నలభై ఏళ్ళలో ఒక్కసారి, ఒక్క పాట, ముందు వరుసలో. నేను కోరింది అంతే.

ఆమె పోయింది. పొద్దున పది దాటింది, ఇంటి ముందు షామియానా వేశారు. ఆమెను ఉంచిన పెట్టె మధ్యలో ఉంది. పాస్టరు గారు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఆయన వచ్చేదాకా ఆడవాళ్ళం పాడాలి, అది ఆనవాయితీ. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా నా వైపు చూశారు. గొంతు సవరించుకుని ఎత్తాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. మొదటి వరుస అయ్యింది. వెనక నుంచి ఆడవాళ్ళు అందుకున్నారు. నా వెనక! అది ఎలా ఉంటుందో నీకు చెప్పలేను, వీపు మీద వెచ్చగా చేయి పెట్టినట్టుంటుంది. నలభై ఏళ్ళు ఆమెకు ఆ వెచ్చదనం ఇచ్చింది మేమేనన్నమాట.

రెండో వరుస మొదలుపెట్టాను. అప్పుడు పెట్టె దగ్గర నుంచి వదిన గొంతు లేచింది.

పూలదండల కింద చిన్న స్పీకరు పెట్టాడు కొడుకు. ఫోన్‌లో అదే పాట. నేను పట్టిన శ్రుతి కంటే ఆమెది పైన ఉంది. ఆడవాళ్ళు కాసేపు అటూ ఇటూ ఊగారు, తర్వాత ఒక్కొక్కరే ఆమె శ్రుతికి ఎక్కిపోయారు. ఏడుపులు మొదలయ్యాయి. సగం వరుస దాకా నేనొక్కదాన్నే కింద మిగిలాను. తర్వాత ఆపేశాను. అందులో విమానం మోత వచ్చింది. అందరూ తలెత్తి చూశారు. పైన ఏమీ లేదు. ఆ విమానం ఎప్పటిదో, ఫోన్‌లోది. ఆమె అక్షరాన్ని పట్టుకునే ఉంది. మోత పోయింది, ఆమె తల ఊపి ఉంటుంది, వంత వచ్చింది. ఆ వంతలో, దూరంగా, గోడ దగ్గర నుంచి నా గొంతు వినపడింది. వినగానే నా నోరు దానంతట అదే తెరుచుకుని ఆ గొంతుతో కలిసి పాడింది. స్పీకర్లోనూ వెనకే ఉన్నాను, చాప మీదా వెనకే ఉన్నాను.

సమాధుల తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కొడుకు నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏమనుకోకు అత్తమ్మా. అమ్మనే చెప్పింది. నేను పోయినంక నా పాట ఫోన్ల పెట్టు బిడ్డా, మీ అత్త ఎత్తితే పాట కిందికి దిగుతది అన్నది."

"ఎప్పుడన్నది?"

"దవాఖానల. నువ్వొచ్చి పోయిన దినమే."

నేను మగ్గు కింద పెట్టాను. "మంచిగ చేసినవ్ బిడ్డా. అన్నం తిన్నవా?" అని అడిగాను. తినలేదన్నాడు. పెట్టించాను.

ఇదంతా చెప్పాక నువ్వు మంచం దిగావు. తర్వాత ఫోన్‌లో ఏదో నొక్కి నా పక్కన వచ్చి కూర్చున్నావు.

"ఇగో నానమ్మా, గిదే పాట. ముంగట పాడెటామె గొంతు తీసేసిండ్రు. వెనకోళ్ళను ఉంచిండ్రు. నువ్వు పాడు."

"ఇంగిలీషు నాకేడికెళ్ళి వస్తది?"

"నీ పాటనే పాడు. వరుస కలుస్తది."

చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఆర్గన్ మొదలైంది. ఆమె పాడాల్సిన చోటు వచ్చింది, ఖాళీగా ఉంది. గిల్లే అత్త లేదు, నవ్వే ఆడబిడ్డ లేదు, ఇంట్లో నువ్వూ నేనే ఉన్నాం. నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఆ ఖాళీ అలాగే దాటిపోయింది. వెనకవాళ్ళు ఎవరూ పాడని వరుసకు జవాబు చెప్పారు. సరిగ్గా అక్కడ వచ్చింది నా గొంతు. వాళ్ళ శ్రుతిలో, వెంట్రుకంత తేడా లేకుండా.

"అక్కడ కాదు నానమ్మా, ముందుగాల!" అన్నావు.

మళ్ళీ పెట్టావు. మళ్ళీ అంతే. మూడోసారి నేనే అన్నాను, బంద్ చెయ్యమని.

అయిపోయింది, కింద గీత గీయి. వదిన పేరు రాయనా అని అడుగుతున్నావు. వద్దు. రాస్తే మళ్ళీ ఆమే ముందుంటుంది.