హులిగెమ్మ వెతికిన వార్త

హులిగెమ్మ ఎర్రగుంట్ల గూడ్స్ షెడ్డులో చిరిగిన బస్తాల నుంచి రాలిన సిమెంటు ఊడ్చే మనిషి. ఆదోని పక్క పల్లెలో సేద్యం ఎండిపోతే మొగుడూ పెళ్లామూ వచ్చి ఇక్కడ పడ్డారు. మొగుడు దగ్గీ దగ్గీ పోయాడు. డాక్టరు దుమ్ము అని రాయలేదు, బీడీ అని రాశాడు. మిగిలింది ఒక్క కొడుకే, చిన్న ఈరన్న. రెండువేల ఏడు ఉగాది కాగానే క్లీనరుగా సిమెంటు లారీ ఎక్కి పూనా దిక్కు పోయాడు. లారీ రిపేరు చేయించుకుని తిరిగొచ్చింది. వాడు రాలేదు.

"దావలో దిగి యాడికో పారిపోయినాడు. బొంబాయి మోజు" అన్నాడు లారీ ఓనరు. పోలీసు స్టేషనులో కూడా అదే మాట చెప్పి పంపించారు.

చెప్పకుండా పోయే పిల్లోడు కాదని హులిగెమ్మకు తెలుసు. బతికుంటే ఉన్నాడని, లేకుంటే లేడని, ఏదో ఒకటి తేలాలి. ఏ ఊరి పేపరైనా కంప్యూటరులో దొరుకుతుందని హమాలీలు చెప్పుకోగా విని, బజారులో శెట్టిగారి కోడలు సుచరిత నడిపే నెట్ సెంటరుకు పోయింది.

"పేరు చెప్పు అక్కా."

"చిన్న ఈరన్న."

సుచరిత ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. ఉరుకుంద ఈరన్న స్వామి గుడి వచ్చింది, జాతర వచ్చింది. హులిగెమ్మ చేతులు జోడించింది. పక్క కంప్యూటరు కాడ రిజల్టు చూసుకునే డిగ్రీ పిల్లోడు నవ్వాడు.

"కంప్యూటర్లో కొడుకులు దొరకరమ్మో, సంబంధాలు దొరుకుతాయి!"

"నీకు పాసు మార్కులు దొరికినాయా? నోరు మూసుకొని చూసుకో" అంది సుచరిత. తర్వాత హులిగెమ్మ వైపు తిరిగింది. "అక్కా, వాని పేరు పేపరోళ్లకు తెలిసింటే నీకు ఎప్పుడో కబురొచ్చేది. పేరు తెలియనోడు వాని గురించి ఏం రాసింటాడో అది వెతకల్ల."

ఈసారి క్లీనరు, సిమెంటు లారీ, పూనా అని కొట్టింది. ఏమీ రాలేదు. అక్కడి పేపర్లు లారీ అనవు, ట్రక్కు అంటాయని గుర్తొచ్చి మాట మార్చింది. అప్పుడు వచ్చాయి, తెర నిండా. క్లీనరు దుర్మరణం, క్లీనరు సజీవ దహనం, డ్రైవరు పరారీ, క్లీనరు మృతి. ఉగాది తర్వాతివి మాత్రం ఏరి ఒక్కొక్కటే చదివి చెప్పింది. ఏదీ వాడు కాదు.

"ఇంతమంది చస్తాండారా తల్లీ, మాకు ఒక్కటీ తెలియకపాయ" అంది హులిగెమ్మ.

సుచరిత కొట్టిన మాటలు చెరిపింది. "క్లీనరు అనే మాటే తీసేసి చూస్తా. వాని ఒంటిమీద ఏమన్నా గుర్తుండాదా?"

"చేతిమీద నా పేరు పొడిపిచ్చుకున్యాడు. తిట్టినా శానా. పెండ్లాం పేరుకు జాగా ఉంచుకోరా అని."

ట్రక్కు, పచ్చబొట్టు, గుర్తు తెలియని వ్యక్తి. ఒక్కటే వచ్చింది, ఓ మూల నాలుగు వాక్యాలు. సుచరిత ఆ ఇంగ్లీషు వాక్యాలు మనసులోనే చదువుకుంది.

"చెప్పు తల్లీ."

"ఆంధ్రా సిమెంటు ట్రక్కు కల్వర్టును గుద్దుకుంది. ఇరవై ఏండ్ల మనిషి చచ్చిపోయినాడు. కుడిచేతి మీద దక్షిణాది అక్షరాల పచ్చబొట్టు…"

"కుడిచెయ్యే."

"దావలో లిఫ్టు అడిగి ఎక్కిన ప్యాసింజరంట, తన కాడ పనిచేసేటోడు కాదంట. ఫోన్లో ఓనరు చెప్పినాడంట. పనోడని ఒప్పుకుంటే నష్టపరిహారం కట్టల్ల గదా. ఎవరూ రాలేదని మున్సిపాలిటీ వాళ్లు పూడ్చినారు."

"యాడ పూడ్చినారు?"

"అది రాయలేదక్కా."

హులిగెమ్మ అక్కడ ఏడవలేదు. కాగితం ప్రింటు తీయించుకుని నేరుగా ఓనరు ఆఫీసుకు పోయింది. ఆయన చూసి బల్ల మీద పడేశాడు.

"దీంట్లో నీ కొడుకు పేరు యాడుండాదే?"

"వాని పేరు లేదు సామీ. వాని చేతిమీద నా పేరుండాది. నువ్వు చెప్పిన అబద్ధమూ ఉండాది."

గుమస్తా వచ్చి రెక్క పట్టి బయటికి నెట్టాడు. గేటు కాడ బస్తాలు మోసే హమాలీలు చూశారు. ఒక్కరూ బస్తా దించలేదు. దించితే మర్నాడు వాళ్లకు పని ఉండదు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆ గుమస్తా జీతం కూడా అలాంటి బస్తాల నుంచే వస్తుంది.

బొంబాయి రైలు జనరల్ పెట్టెలో హులిగెమ్మ ఒక్కతే పోయింది, ఆ కాగితమూ రేషను కార్డూ కొంగులో కట్టుకుని. ఆదోనిలో సాయిబుల ఇండ్ల పక్కన పెరిగింది గనక హిందీ అంతో ఇంతో వచ్చు. పూనా దావలో, వార్తలో రాసిన పోలీసు స్టేషనులో శవం ఫోటో చూపించారు. మొగం ఆనవాలు పట్టేటట్టు లేదు. చెయ్యి మాత్రం బాగా కనిపిస్తూ ఉంది.

"నా కొడుకే" అంది.

పోలీసు పేరడిగి రాసుకున్నాడు. ఊరడిగి రాసుకున్నాడు. కాగితం మడవబోయాడు.

హులిగెమ్మ ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. "పని రాయలేదు సాబ్. లారీ క్లీనరు అని రాయండి. ఆ లారీకే."