ఎనిమిది మంది జర్మన్ క్లాసు

కృపానందం జర్మన్ నేర్పుతాడు. బెజవాడలో ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, తర్వాత వీసా ఖర్చెంతవుతుందని అడుగుతారు. వీసాల సంగతి అతనికి తెలియదు. జర్మనీ ఏనాడూ వెళ్ళలేదు. హనుమాన్ జంక్షన్‌లో పుట్టాడు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక కాల్ సెంటర్లో చేరి, ఏళ్ళతరబడి జర్మన్ కస్టమర్ల చేత ఫోన్లో తిట్లు తింటూ ఆ భాష పట్టేశాడు. "ముందు తిట్లొచ్చాయి, వ్యాకరణం తర్వాత నేర్చుకున్నా" అంటాడు. కంపెనీ మూతపడ్డాక వెనక్కొచ్చి, బందరు రోడ్డు మీద ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా కుదిరాడు. గంటకింతని ఇస్తారు. సెలవులొస్తే అదీ ఉండదు. వయసు నలభై దాటింది.

క్లాసులో ఎనిమిది మంది పిల్లలు. ఉయ్యూరులో ఇంకో కాలేజీ ఉంది, అక్కడ ఇంగ్లీషు చెప్పే కనకలక్ష్మి గారు జర్మన్ కావాలన్న పిల్లల్ని తొమ్మిది మందిని పోగుచేసింది. చెప్పేవాళ్ళు మాత్రం దొరకలేదు. రెండు క్లాసుల్నీ కలిపేశారు. కృపానందం బెజవాడలో పాఠం చెబుతుంటే ఉయ్యూరు పిల్లలు గోడమీది తెరలో కనబడతారు. శనివారం అతనే బందరు బస్సెక్కి, చెరుకు లారీల వెనకాల నత్తనడకన ఉయ్యూరు చేరి, వాళ్ళకు ఎదురుగా నిలబడి చెప్పి వస్తాడు.

ఒక ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడాదికి రెండు యాజమాన్యాలూ ఒకే మాటన్నాయి, ఇంత కొద్దిమందికి ఒక మాస్టారా అని. కనకలక్ష్మి గారు ఎక్కడో వెతికి ఒక విదేశీ సంస్థ గ్రాంటు సంగతి పట్టుకుని దరఖాస్తు పెట్టించింది. ఒక్క కాలేజీలో క్లాసుకు సరిపడా పిల్లలు లేని భాషను రెండు మూడు కాలేజీలు కలిసి నేర్పితే, మూడేళ్ళు మాస్టారి జీతం వాళ్ళిస్తారు. వస్తే కృపానందానికి జీవితంలో మొదటిసారి నెల జీతం. రాకపోతే జూన్‌లో క్లాసు ఎత్తేస్తారు.

దరఖాస్తు మొదటి గండం దాటింది. హైదరాబాదు నుంచి హర్షవర్ధన్ అనే ఆఫీసరు క్లాసు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. బెజవాడ కాలేజీ కరస్పాండెంటు తిరుపతిరావు గారు కృపానందాన్ని పిలిపించాడు.

"మన వైపు ఎంతమందయ్యా?"

"ఎనిమిది మందండీ."

"ఎనిమిదా! విమానమెక్కి వస్తున్నాడయ్యా ఆయన. ఎనిమిది మందని తెలిస్తే గన్నవరం నుంచే తిరిగెళ్ళిపోతాడు."

"తక్కువమంది ఉన్నారనే కదండీ మనం అడుగుతోంది. వాళ్ళ రూలే అది."

"రూలు కాగితం మీద ఉంటుందయ్యా. పిల్లలు లేరని మన నోటితో మనం చెప్పుకుంటామా? పరువుండొద్దూ? నువ్వు గమ్మునుండు. నేనెన్ని ఇన్‌స్పెక్షన్లు చూళ్ళేదు!"

ఆ రోజు హర్షవర్ధన్‌కి బొకే ఇచ్చారు, శాలువా కప్పారు. క్లాసులోకి తీసుకెళ్ళేసరికి బెంచీలు కిటకిటలాడుతున్నాయి. బీకాం పిల్లల్ని అరవై మందిని తెచ్చి కుక్కేశారు. నవ్వొద్దు, తలూపండి చాలు అని చెప్పి పెట్టారు. తెరలో ఉయ్యూరు పిల్లలు తొమ్మిది మందే, ఎప్పటిలాగే కూర్చున్నారు. మైకు ఆన్‌లో ఉందని చూసుకోకుండా కనకలక్ష్మి గారు అనేసింది: "ఏవండీ కృపానందం గారూ, మీ వైపు తిరునాళ్ళలా ఉందేంటండీ?"

హర్షవర్ధన్ గది చుట్టూ చూశాడు. "ఇంతమంది ఉంటే ఉయ్యూరుతో కలవాల్సిన పనేముందండీ? మీ ఫీజులతోనే నడిచిపోతుంది కదా."

తిరుపతిరావు గారికి అది మెచ్చుకోలులా వినబడింది. "వచ్చే ఏడు వంద చేస్తాం సార్!"

హర్షవర్ధన్ ఏదో రాసుకుని కలం మూశాడు. గ్రాంటు అక్కడికక్కడే పోయిందని కృపానందానికి అర్థమైంది.

"ఓ పది నిమిషాలు పాఠం చెప్పండి, చూస్తాను" అన్నాడు ఆఫీసరు.

కృపానందానికి ఒక ఉపాయం తోచింది. మన క్లాసు వాళ్ళు లేచి నిలబడండి అని జర్మన్‌లో అన్నాడు. వించిపేట నుంచి వచ్చే మహెక్ ముందు లేచింది. తర్వాత మిగతా ఏడుగురు. తెరలో ఉయ్యూరు తొమ్మిది మందీ లేచారు. అక్కడితో ఆగితే సరిపోయేది. ముందువాళ్ళు లేచేసరికి ఎవరో పెద్దాయన వచ్చాడనుకుని బీకాం పిల్లలంతా ధడధడా లేచారు. వెనక బెంచీలోంచి ఒకడు "గుడ్ మార్నింగ్ సార్" అని కూడా అరిచాడు.

"డిసిప్లిన్ సార్ మా దగ్గర" అన్నాడు తిరుపతిరావు గారు.

ఇక తెలుగులో చెప్పడమొక్కటే మిగిలింది. చెబితే గంటల జీతం ఈ రోజే పోతుంది. ఊరుకుంటే జూన్‌లో దానితోపాటు క్లాసూ పోతుంది. చేతిలో మార్కరు మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"సార్, మా క్లాసు ఎనిమిది మందేనండీ. మిగతావాళ్ళు బీకాం. వాళ్ళకి జర్మన్ రాదు. పాపం, వాళ్ళ తప్పేం లేదు."

"ఏం మాట్లాడుతున్నావయ్యా నువ్వు?"

"నిజమే సార్" అంది మహెక్. "ఈ రోజు నాకు నా బెంచీలోనే చోటు దొరకలేదు."

ఉయ్యూరు వైపు ఎవరో కిసుక్కుమన్నారు. హర్షవర్ధన్ తిరుపతిరావు గారి వైపు తిరిగాడు. "మరి వీళ్ళందర్నీ ఎందుకండీ తెచ్చారు?"

"మీరొస్తున్నారు కదా సార్... గౌరవంగా ఉంటుందని."

ఆయన అబద్ధమేం చెప్పలేదు. బీకాం వాళ్ళని పంపేశారు. మిగిలినవాళ్ళతో కృపానందం పాఠం మొదలుపెట్టాడు. మహెక్ మందుల షాపుకెళ్ళినట్టు తలనొప్పి అని చెప్పాలి, తెరలోంచి ఉయ్యూరు కుర్రాడు జయంత్ షాపువాడిలా మాత్ర ఇవ్వాలి. జయంత్ ఆమెకు దగ్గుమందిచ్చాడు. మహెక్ జర్మన్‌లోనే వాణ్ణి చెడామడా తిట్టింది. ఆ తిట్లు ఎక్కడివో మాస్టారికి తెలుసు. హర్షవర్ధన్ కలం మళ్ళీ తెరిచాడు.

కారు గేటు దాటగానే తిరుపతిరావు గారు అన్నాడు: "బయటివాడి ముందు నా పరువు తీశావు. రేపట్నుంచి రావద్దు."

"పిల్లలకి పరీక్ష ఉందండీ."

"గేటు దగ్గర చెప్పి ఉంచుతా."

మిగిలిన పాఠాలు కృపానందం మహెక్ వాళ్ళ మేడమీద చెప్పాడు, ఊరికే. ఎండాకాలం సెలవుల్లో గ్రాంటు మంజూరైంది, రెండు కాలేజీలకూ కలిపి. తిరుపతిరావు గారు గ్రాంటు నుంచి తప్పుకోలేదు. విదేశీ సంస్థ పేరుతో కాలేజీ ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన ఫొటో ఉంది, ప్రిన్సిపాల్ ఫొటో ఉంది. కృపానందం ఉయ్యూరు బస్సులోంచి దాన్ని చూశాడు. ఏమీ అనిపించలేదంటే నమ్మక్కర్లేదు.

మాస్టారి పేరు ఉయ్యూరు కాలేజీ జీతాల పట్టీలో ఎక్కించింది కనకలక్ష్మి గారు. "బెజవాడ పిల్లలకి కూడా మీరిక్కణ్ణించే చెప్పండి. తెరమీద మిమ్మల్ని ఎవరాపుతారండీ?"

జూన్‌లో మొదటి క్లాసు. ఇప్పుడు తెరలో బెజవాడ కనబడుతోంది. ఒక బెంచీ ఖాళీగా ఉంది. సురేష్ బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి పోయాడట.

"ఏడుగురమే మిగిలాం సార్. గ్రాంటు వాళ్ళేమైనా అంటారా?" అంది మహెక్.

"అంటే అననీ. ఏడుగురనే చెబుదాం" అని కృపానందం పుస్తకం తెరవమన్నాడు.