హన్నిబాల్ కువి మాట్లాడిన రోజు

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. అరకుకి ఎగువన కొండ మలుపులో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను సోషల్ టీచర్‌గా ఉండేదాన్ని. మాది విజయనగరం వైపు పల్లపు ఊరు. కొండెక్కి అప్పటికి రెండేళ్ళయింది.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. మబ్బు కమ్మేసి పుస్తకంలో అక్షరం కనబడడం లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు కథ చెప్పమన్నారు. పాఠంలో లేకపోయినా, కాలేజీ రోజుల నుంచీ నాకిష్టమైన కథ ఎత్తుకున్నాను. సముద్రానికి ఈ ఒడ్డున కార్తేజ్, ఆ ఒడ్డున రోమ్, తరాల తరబడి సాగిన వాళ్ళ యుద్ధాలు, ఏనుగుల్ని వెంటేసుకుని మంచుకొండలు దాటి రోము మీదికి వెళ్ళిన కార్తేజ్ సేనాని హన్నిబాల్.

ఏనుగుల దగ్గర పిల్లలు కదలకుండా వింటారనుకున్నాను. గుమ్మలక్ష్మీపురం వైపు చేలల్లో ఏనుగులు పడ్డాయన్న కబురు అప్పుడప్పుడూ వాళ్ళ చెవిన పడుతూనే ఉంటుంది. కానీ వాళ్ళు ఆగిపోయింది ఏనుగుల దగ్గర కాదు. హన్నిబాల్‌కి తొమ్మిదేళ్ళున్నప్పుడే వాళ్ళ నాన్న అతన్ని ఇంటి నుంచి పరదేశం తీసుకెళ్ళిపోయాడని చెప్పగానే గదిలో గుసగుసలు కూడా ఆగిపోయాయి. వాళ్ళలో చాలామంది అంతకన్నా చిన్నప్పుడే ట్రంకుపెట్టె పట్టుకుని హాస్టల్‌కి వచ్చినవాళ్ళు.

ముందు బల్ల మీద పిల్ల అడిగింది. "సెలవులకి పంపేవోరా మేడం?"

పంపలేదన్నాను. అతను మళ్ళీ సొంత ఊరు చూసేసరికి నలభై దాటిపోయాయని చెప్పాను.

వెనక వరసలో గోడకి ఆనుకుని ఒక పొడుగాటి అమ్మాయి కూర్చునేది. వాళ్ళింట్లో మాట్లాడేది కువి అనే కొండభాష. తెలుగు చదివితే అర్థమయ్యేది గానీ, మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అందుకే తరగతిలో పెదవి విప్పేది కాదు. ఆ రోజు తనంతట తనే లేచి నిలబడింది.

"ఆళ్ళది ఏటి బాస మేడం?"

ప్యూనిక్ అని చెప్పాను. చివరి యుద్ధంలో రోమన్లు కార్తేజ్ నగరాన్ని తగలబెట్టేశారనీ, ఆ భాషలో వాళ్ళు రాసుకున్న పుస్తకాలేవీ మనదాకా రాలేదనీ చెప్పాను. హన్నిబాల్ అన్నట్టుగా ఇప్పుడు మనం చదువుకునే మాటలన్నీ పరాయివాళ్ళు తమ భాషల్లో రాసినవేనన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది.

వార్షికోత్సవానికి నాటకం వెయ్యాలనుకున్నప్పుడు పిల్లలు ఆ కథే కావాలని పట్టుబట్టారు. హన్నిబాల్ ఎవరన్నదానికి పెద్ద చర్చేమీ జరగలేదు. ఎత్తుని బట్టి అందరూ ఆ పొడుగమ్మాయి వైపే చూశారు. వద్దని తల అడ్డంగా ఊపింది గానీ, మిగతావాళ్ళు చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టారు.

రిహార్సల్‌లో వ్యవహారం ఏడుపుదాకా వచ్చింది. మంచుకొండ మీద అలిసిపోయిన సైనికులకి హన్నిబాల్ ధైర్యం చెప్పాలి. నేను రాసిచ్చిన మాటలు ఆమె ఒక్కొక్కటిగా, రాళ్ళు మోస్తున్నట్టు పలికేది. రోమన్లుగా వేసే పిల్లలు మొహాలు తిప్పుకుని నవ్వేవారు. వేషం మార్చేద్దామా అని అడుగుదామని ఒకరోజు పంపు దగ్గరికి వెళ్ళాను. కంచం కడుక్కుంటోంది. నేనడిగేలోపు తనే అంది.

"మేడం, ఆయన ఆళ్ళ బాసే మాటాడినాడు కదా. నాను మా బాసలో సెప్పనా?"

 నేను నేరుగా హెచ్చెమ్ గారి గదికి వెళ్ళాను. ఆవిడ మంచి మనిషి, భయస్థురాలు. స్టేజీ ముందు ఆఫీసర్లు కూర్చుంటారని, వాళ్ళకి ముక్క అర్థం కాదని ఆవిడ బెంగ. కింద చాపల మీద కూర్చునే తల్లులకి మన నాటకాలు ఏ ఏడూ అర్థం కాలేదు కదండీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, రోమన్లు మాత్రం తెలుగులోనే మాట్లాడాలని చెప్పి ఒప్పుకున్నారు.

దసరా సెలవులకి ఆ అమ్మాయి నా సంభాషణలు పట్టుకుని ఇంటికెళ్ళింది. తిరిగొచ్చి అప్పగిస్తుంటే నేను రాసినంత పొడుగు లేదు. అర్థం చెప్పమన్నాను. కొండ దిగితే రోము సంపదంతా మీదేనని నేను రాశాను. ఆ మాట పోయింది. దాని బదులు, వెనకబడినవాళ్ళెవరు, వాళ్ళు వచ్చేదాకా నిప్పు వేసుకుని ఇక్కడే ఆగుదాం, ఎవరినీ విడిచిపెట్టి దిగేది లేదు అని ఉంది. వాళ్ళ మామ్మ మార్చిందట. కొన్ని మాటలకి కువిలో ఏమనాలో తనకి తెలియక మామ్మని అడిగితే, ఆవిడ కథంతా మొదటి నుంచీ చెప్పించుకుని, చలిలో కొండెక్కేవాళ్ళకి డబ్బు మాట చెబితే కాళ్ళు కదలవందట. నేను నా కాగితం మడిచేశాను.

కాఫీ పళ్ళ కోతలు అయ్యాక వార్షికోత్సవం పెట్టారు. బల్లల మీద బల్లలు పేర్చి, తెల్ల దుప్పట్లు కప్పి కొండ కట్టాం. వెదురు చట్రం మీద హాస్టల్ బూడిదరంగు రగ్గులు కుట్టి, చేటలు చెవులుగా తగిలిస్తే ఏనుగు తయారైంది. దాని ముందు కాళ్ళు ఒక పిల్లవి, వెనక కాళ్ళు ఇంకో పిల్లవి. అవి ఒకే వైపు నడవడానికి నెల పట్టింది. సాయంత్రం కొండల మీంచి పొగమంచు దిగి, స్టేజీ మీదికి దానంతటదే వచ్చేసింది.

ముందు వరస చాప మీద పొడుగమ్మాయి మామ్మ కూర్చుంది. దుప్పటి చుట్టుకున్న బక్కపలచటి మనిషి. మనవరాలు దుప్పటికొండ ఎక్కి నోరు తెరిచింది. నేను తెర పక్కన నిలబడ్డాను. ఆ గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. కింద మామ్మ పెదవులు ఆమెతో పాటే కదులుతున్నాయి.

చాపల మీద కదలిక పుట్టింది. తల్లులు ఒకరి మోచేయి ఒకరు పట్టుకుని చూస్తున్నారు. వెనక ఎవరైనా ఉండిపోయారా అని హన్నిబాల్ అడిగే చోటు వచ్చింది. దానికి సైనికులు జవాబివ్వాలి. వాళ్ళు నోరు తెరిచేలోపే, మైదానం చివర బిడ్డని వీపుకి కట్టుకుని నిలబడ్డ ఒకావిడ కువిలో గట్టిగా ఏదో అంది. తర్వాత ఇంకొకావిడ. తర్వాత చాపల మీద నుంచి పదిమంది ఒక్కసారే. వస్తున్నాం, వస్తున్నాం అంటున్నారని ఏనుగు ముందు కాళ్ళ పిల్ల రగ్గులోంచి తల బయటపెట్టి నాకు చెప్పింది.

పొడుగమ్మాయి బెదరలేదు. వాళ్ళ వైపు తిరిగి, నాటకంలో లేని మాట ఒకటి నెమ్మదిగా అంది. మైదానమంతా నవ్వింది. తర్వాత అడిగితే, "మెల్లగా రండి, జారతాదని సెప్పినాను మేడం" అంది.

ముందు కుర్చీల్లో హెచ్చెమ్ గారు పక్కనున్న ఆఫీసరుకి చేతులు తిప్పుతూ అర్థం చెబుతున్నారు. ఆవిడకీ కువి రాదు. అయినా చెబుతూనే ఉన్నారు.

హన్నిబాల్‌ని సొంత ఊరు వెనక్కి పిలవడంతో నాటకం ముగిసింది. మామ్మ మనవరాలి భుజం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇంటికెళ్ళాక అతనికి ఏమైందో కనుక్కోమంటోందని ఆ అమ్మాయి చెప్పింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. సొంత గడ్డ మీదే జరిగిన యుద్ధంలో ఓడిపోయాడనీ, కొన్నేళ్ళు అక్కడే ఉండి ఊరిని చక్కబెట్టాడనీ, తర్వాత మళ్ళీ దేశం విడిచి పారిపోవలసి వచ్చి, శత్రువులకి చిక్కకుండా పరాయిచోట విషం తాగి చనిపోయాడనీ. ఆ అమ్మాయి రెండు ముక్కల్లో మామ్మకి చెప్పింది. ముసలామె మొహం విప్పారింది.

ఏం చెప్పావని అడిగాను.

"ఇంటికొచ్చినాడు, ఊరు బాగుసేసినాడు అని సెప్పినాను. అది నిజమే కదా మేడం. మిగిలింది మరోపాలి సెప్తాను. ఈవేళ శానా దూరం నడిసొచ్చింది."

నిజమేనన్నాను.

మామ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. ఆ అమ్మాయి తల దించుకుని తెలుగు చేసింది. ప్రతి సెలవులకీ మనవరాలు కొన్ని మాటలు మరిచిపోయి వస్తోందని, ఎప్పుడో ఒకరోజు తామిద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవడానికి మాటలే ఉండవేమోనని ఆవిడకి దిగులట. ఈ దసరాకి పొయ్యి దగ్గర కూర్చుని రోజూ మాట్లాడుకున్నామంది. తన భర్త పోయాక తాను అన్ని మాటలు మాట్లాడింది అప్పుడేనంది.

ఆ పూట హెచ్చెమ్ గారు ఆవిడని వెళ్ళనివ్వలేదు. హాస్టల్ వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని, కూర తానే వడ్డించి, మీకు ఎంతమంది పిల్లలు, ఎన్ని కాఫీ మొక్కలున్నాయి అని ఒకటే ప్రశ్నలు. మామ్మ కూడా ఏమీ తక్కువ తినలేదు, తిరిగి అన్నీ అడిగింది. వాళ్ళిద్దరి మధ్యా పొడుగమ్మాయి ఇటు కువిలో, అటు తెలుగులో ఆగకుండా మాట్లాడుతోంది. తన కంచంలో అన్నం చల్లారిపోతున్నా చూసుకోలేదు.