నెత్తురు చూసిన కత్తి

మా నాయన పోయాడని మా మేనమామ గిద్దలూరు నుంచి ఏడ్చుకుంటూ వచ్చేసరికి, నాయన పీట మీద కూర్చుని పప్పన్నం తింటున్నాడు.

మార్కాపురం బజారులో మాది పలకల దుకాణం. మధ్యాహ్నం పూట నాయన భోజనానికి ఇంటికి వచ్చేవాడు. ఆ రోజు ఆయన రెండో ముద్ద కలుపుకుంటుండగా వాకిట్లో జట్కా ఆగింది. మామ దిగుతూనే "అయ్యో బావా, మా అక్కకు దిక్కెవరు బావా" అని నెత్తి బాదుకుంటూ లోపలికి వచ్చాడు. చేతిలో ముద్దతో తన వైపే చూస్తున్న బావ కనిపించేసరికి గడప మీదే కూలబడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. అమ్మ నా నోరు గట్టిగా మూసింది.

"ఎవరు చచ్చినారు రా?" అన్నాడు నాయన నెమ్మదిగా. ఆయన అరిస్తే మాకు అలవాటే. నెమ్మదిగా మాట్లాడితేనే భయపడేవాళ్ళం.

మామ చెప్పింది ఇది. ముందు రోజు నంద్యాల నుంచి వచ్చిన బండి గిద్దలూరు స్టేషన్లో కదిలిపోతుంటే కిటికీలో మా అన్న కనిపించాడట. తల మీద ముడి లేదు, మీసం లేదు. పిలిచేలోగా బండి వెళ్ళిపోయింది. మా ఇళ్ళలో మగవాడు తలా మీసమూ కలిపి తీయించుకున్నాడంటే కన్నవాళ్ళలో ఒకరు పోయినట్టే. మా అమ్మది గట్టి ఒళ్ళు, నాయన ముక్కోపి, కాబట్టి కోపానికి గుండె ఆగి బావే పోయుంటాడని మామ తేల్చుకున్నాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

"మరి నిన్న బండెక్కినోడు ఇంటికి రాలేదేంది?" అన్నాడు నాయన. చేయి కడుక్కున్నాడు. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది.

అన్న నంద్యాలలో హైస్కూలు చదువుతున్నాడు. అప్పట్లో మా వైపు మగవాళ్ళకూ నడుము దాకా జుట్టు ఉండేది. శనివారం తలంటు పోసి అమ్మ అన్ననూ అక్కనూ పక్కపక్కన కూర్చోబెట్టి చిక్కు తీసేది. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో చెప్పలేకపోయేవాళ్ళం. చివరికి అక్కకు జడ పడేది, అన్నకు ముడి పడేది, తేడా అంతే. ఆ జుట్టు మీద ఒక్క చుక్క నూనె తక్కువైనా నాయన ఊరుకునేవాడు కాదు. "మగోడికి జుట్టే పరువు" అనేవాడు.

కానీ ఆ ఇంట్లో అసలు ప్రాణం మీదికి వచ్చింది అక్క జుట్టుకు. అక్కకు చిన్నప్పుడే పెళ్ళి చేశారు. కాపురానికి పోకముందే ఆ మొగుడు కలరాతో పోయాడు. పెద్దమనిషి అయ్యేదాకా జుట్టు ఉండనిద్దామని పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ చలికాలం అక్క పెద్దమనిషి అయింది. ఇక మంగలిని పిలిపించాల్సిందేనని మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున లేస్తే అదే పాట. అవ్వదీ బోడితలే. "నా తలకు లేని వెంట్రుకలు దాని తలకెందుకు?" అనేది. అమ్మ గుట్టుగా కబురు పంపితే, చెల్లెలి తల గొరగకముందే ఒకసారి చూసి పోదామని అన్న బయలుదేరాడు. బయలుదేరాక నాయన గుర్తుకొచ్చి, ధైర్యం చాలక కంభంలో స్నేహితుడి ఇంట్లో దిగిపోయాడు.

మరుసటి బండికి వచ్చాడు. వాడు గుమ్మంలో అడుగు పెట్టేసరికి నాయన పలకల చట్రానికి కోసిన టేకు బద్ద పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. ఎందుకు చేశావని అడగలేదు, ఎవరు చేశారని అడగలేదు. "నేను బతికుండంగానే నాకు కర్మ చేసినావా రా? నీకు అంత తొందరయిందా?" అని ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ. బద్ద విరిగితే ఇంకొకటి తీసుకున్నాడు. మామ అడ్డం పోతే మామ మోచేతి మీద పడింది. అన్న గోడకు ఆనుకుని, చేతులతో తల కప్పుకుని జారిపోయాడు. అప్పుడు నాయన కొత్త క్రాపు పట్టుకుని లాగబోయాడు. చేతికి వెంట్రుకలు అందలేదు. అందనందుకు ఇంకా కోపం వచ్చి తలను గోడకేసి కొట్టాడు. సున్నం రాలింది. "ముండమోపి మాదిరి తల గొరిగించుకొని వచ్చినావు. మొగోడివేనా నువ్వు?" అన్నాడు.

వంటింటి తలుపు పక్కన నిలబడిన అక్క ఆ మాట విని లోపలికి పోయింది. మా నాయన అంటే నాకు ఆ క్షణంలో అసహ్యం కలిగింది. ఇప్పటికీ ఆ అసహ్యం పూర్తిగా పోలేదు.

సాయంత్రం అమ్మ పసుపు ముద్ద పెడుతుంటే అన్న జరిగింది చెప్పాడు. నంద్యాలలో క్రాపులు పెట్టుకున్న పిల్లలు వాడిని "ఏమ్మా, పూలు పెట్టుకోలేదా?" అని రోజూ ఏడిపించేవాళ్ళు. ఒకరోజు నలుగురు పట్టుకుని చీర చుట్టి, జుట్టును మంచం కోడుకు కట్టి, ముఖాన బొట్టు పెట్టారు. వాడు తిరగబడి కొట్టబోతే కత్తెరతో ముడిని సగానికి కోసేశారు.

"సగం వాళ్ళు కోసినారు. మిగిలింది నేనే తీయించుకున్నా. మీసం తీయొద్దంటే కూడా మంగలి ఇనలేదు, క్రాపుకు మీసం ఒప్పదన్నాడు" అన్నాడు అన్న. తర్వాత పెదవి మీది నెత్తురు తుడుచుకుని, "అక్కడ జుట్టుంటే ఆడదాన్నంటారు. ఈడ లేకుంటే ముండమోపినంటారు. నేనెట్ల ఉండాల్నో నాకు తెలియదమ్మా" అన్నాడు.

అక్క వాడి చెంప మీద పసుపు సర్దుతూ, "నీది పెరుగుతాది లేన్నా" అంది.

పొద్దున్నే మంగలి పెద్దాయన వచ్చి పెరట్లో కూర్చున్నాడు. ఆయన్ను అక్క కోసం పిలిపించారు. ఈలోగా నాయన బుర్రలో ఇంకో ఉపాయం పుట్టింది. అన్న తలను కూడా నున్నగా గొరిగించేస్తే, తిరుపతి మొక్కు తీర్చుకుని వచ్చాడని ఊరికి చెప్పుకోవచ్చు. క్రాపైతే సిగ్గు, గుండైతే పుణ్యం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఎవరు చెబితే వింటాడు? "ముందు వీడిది కానీ. తరువాత ఆ పిల్లది" అన్నాడు మంగలితో.

అన్న కూర్చోనన్నాడు. నాయన, దుకాణంలో పనిచేసే ఇద్దరు కలిసి వాడి చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి కూర్చోబెట్టారు. మంగలి నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. క్రాపు వెంట్రుకలు కుప్పలుగా కాదు, పొట్టులా రాలాయి. అన్న మొదట గింజుకున్నాడు, తర్వాత ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. తల పైకెత్తి వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ అక్క జడ విప్పుకుని, తన వంతు కోసం తడి తలతో నిలబడి ఉంది. కత్తి నుదుటి మీదికి రాగానే అన్న తలను ఒక్క ఊపున ముందుకు తోశాడు.

కత్తి నుదుటి నుంచి నడినెత్తి దాకా దిగింది. నెత్తురు ముక్కు మీదుగా కారి నోట్లోకి పోయింది. మంగలి కత్తిని నేల మీద పారేసి లేచాడు. "నేను కొయ్యలేదు శెట్టీ, పిల్లోడే తల తోసినాడు" అని వెనక్కి జరిగాడు.

"పోనీ, కట్టు కట్టు. దాన్ని కూర్చోబెట్టు" అన్నాడు నాయన.

"ఇంక నా చేత కాదు. నెత్తురు చూసిన కత్తి. అమావాస్య దాటేదాకా ఆడమనిషి తల తాకగూడదు."

ఈ నియమం అన్ని ఊళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. మా ఊరి మంగలి ఇంట్లో ఉంది, మా అందరికీ తెలుసు. ఎవరి గడ్డమో తెగితే చాలు, అవ్వకు గొరగడానికి ఆయన ఆ నెల వచ్చేవాడు కాదు. అవ్వ తల మీద ముళ్ళలా మొలిచినవి గీరుకుంటూ అమావాస్య కోసం కాచుకునేది.

నాయన వంగి కత్తి అందుకున్నాడు. "నువ్వు కాకుంటే నేనే గొరుగుతా" అని అక్క జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చాడు. అమ్మ కాళ్ళకు అడ్డం పడితే తన్నాడు. అక్క అరవలేదు, మెడ మాత్రం బిగదీసుకుంది. అప్పుడు లేచింది ఎవరంటే, అవ్వ. చేతికర్రతో కొడుకు మణికట్టు మీద ఎముక మోగేలా కొట్టింది. కత్తి కింద పడింది.

"నెత్తురు కత్తి ఇంటి ఆడదాని తల మీద పెడతావా? వంశం ఉండాల్నా వద్దా? అమావాస్య పోనీ, నేనే దగ్గర కూర్చొని తీయిస్తా" అంది.

అక్క మీద జాలితో కాదు ఆ దెబ్బ. అయినా ఆ కర్రకు నేను మనసులో మొక్కుకున్నాను.

అన్న కట్లు విప్పి పడుకోబెట్టారు. అమ్మ గాయం మీద పసుపూ గుడ్డా అదిమి పట్టుకుని ఏడుస్తుంటే, వాడు కళ్ళలోకి కారిన నెత్తురు తుడుచుకోకుండానే అడిగాడు. "అమావాస్య ఎప్పుడు పోయిందమ్మా?"

"మొన్ననే."

ఎర్రబడిన పళ్ళతో అన్న నవ్వాడు. వాడు తల ఎందుకు తోశాడో అమ్మకు అప్పుడు అర్థమైంది, నాకూ అర్థమైంది.

ఊరికి మాత్రం తిరుపతి మొక్కనే చెప్పారు. తలకు కట్టు ఎందుకంటే కొండ దిగుతూ పడ్డాడన్నారు.

ఆ నెలంతా అమ్మ అక్కకు కుంకుడుకాయతో తలంటింది, కడుపు నిండా పెట్టినట్టు నూనె పెట్టింది. నేను రోజుకో రకం జడ వేసేదాన్ని. ఒకసారి తలుపు మూసి, అమ్మ తన తలలోని చేమంతులు తీసి అక్క జడలో తురిమింది. అద్దం చూపించబోతే అక్క వద్దంది. "మళ్ళ గుర్తుకొస్తాది" అంది.

అమావాస్య దాటింది. మంగలి కొత్త కత్తితో వచ్చాడు. అవ్వ చెప్పిన మాట ప్రకారం దగ్గరే కూర్చుంది. అన్న అప్పటికే నంద్యాల వెళ్ళిపోయాడు. పెరట్లో పడిన జుట్టును అమ్మ ఒడిలోకి ఎత్తుకుని, అక్కడే గోడకు తల కొట్టుకుంది. నెల నెలా అక్క జుట్టు మొలిచింది, నెల నెలా తీశారు. అన్న జుట్టూ మొలిచింది, కానీ కత్తి దిగిన గీత మీద మాత్రం ఒక్క వెంట్రుకా మళ్ళీ రాలేదు. నుదుటి నుంచి నడినెత్తికి తిన్నగా, తెల్లగా ఉండిపోయింది.

చాలా ఏళ్ళకు, నాయనా అవ్వా పోయాక, అన్న తల నెరిశాక, ఒకసారి ముగ్గురం వసారాలో కూర్చున్నాం. అక్క ముసుగు సర్దుకుని, అన్న క్రాపులోని ఆ గీత మీద చూపుడువేలు పెట్టి మెల్లగా వెనక్కి జరిపింది.

"చూసినావా" అంది నాతో. "ఇది నా పాపిడి. అన్న పెట్టుకొని తిరుగుతాండాడు."

అక్క చేయి అందేలా అన్న తల ఇంకాస్త వంచాడు.