కొసకు కట్టిన దారం

గాలానికి దారం ఎట్లా కట్టాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మాది వ్యవసాయం ఇల్లు. చేపలు తినేవాళ్ళమే కానీ పట్టేవాళ్ళం కాదు. అది చెరువు గట్టు కింది బెస్తవాళ్ళ పని. కాపువాళ్ళ కోడలు గాలం పట్టుకుని నీళ్ళ పక్కన కూర్చుంటే ఊరు నవ్వుతుంది. నవ్వింది కూడా. నాకు యాభై ఏండ్లు దాటాక అక్షరాలు వచ్చాయి కాబట్టి ఆ సంగతి ఇన్నాళ్ళకు రాస్తున్నాను.

మా ఊరు నాగిరెడ్డిపేటకు కోసెడు దూరం. పోచారం చెరువు నీళ్ళ మీద బతికే పొలాలు. నిజాం కాలం. నాకప్పటికి ఇరవై నిండలేదు. నాట్లు కాగానే నా పెనిమిటి చెరుకు తోటల పనికి బోధన్ వైపు పోయాడు. ఇంట్లో నేను, మా అత్త, రెండెడ్లు మిగిలాం. వానలు తగ్గకముందే అత్తకు చలిజ్వరం పట్టింది. రోజు విడిచి రోజు వచ్చేది. నెల తిరిగేసరికి జ్వరం పోయింది కానీ మనిషి మిగల్లేదు. గంజి పోస్తే కక్కేది. జొన్న గట్క చూస్తే మొహం తిప్పుకునేది. మందిచ్చే ముసలాయన చెయ్యి పట్టి చూసి నన్ను బయటికి పిలిచాడు.

"నెత్తురు లేదు బిడ్డా. ఇగ నా మందుతోని అయ్యేది కాదు. కొర్రమట్ట చారు తాగియ్యి. కడుపుల నిలిస్తే లేస్తది. నిల్వకుంటే నీ మొగనికి కబురు పెట్టు."

కొర్రమట్టను పుస్తకాల్లో కొర్రమీను అంటారు. వలలో పడ్డ కొర్రమట్టలన్నీ నీళ్ళు పోసిన కుండల్లో, బతికుండగానే ఎల్లారెడ్డికి పోయేవి. అక్కడినుంచి కామారెడ్డి రైలుకు. పెద్ద ఇండ్లవాళ్ళు ముందే చెప్పిపెట్టుకునేవారు. నేను పోయి బెస్తవాళ్ళను అడిగితే చిన్న పరక చేపలు దోసెట్లో పోసి పంపారు. వల వేసే హక్కు బెస్తవాళ్ళది. గాలం వేస్తే మాత్రం ఎవరూ అడ్డం చెప్పరు.

అందుకని అంగడినాడు ఎల్లారెడ్డి నడిచిపోయి రెండు గాలపు ముండ్లు తెచ్చాను. కంచెలోంచి ఒక పచ్చి వెదురు కట్టె కొట్టాను. జనుము తీసుకుని గడపలో కూర్చుని దారం పేనాను. అత్త మంచంలోంచి చూస్తూనే ఉంది. లేవడానికి బలం లేదు కానీ నోటికేమీ తక్కువ లేదు.

"ఏందే, పగ్గం పేనుతున్నవా? చాపకా, కోడెకా?"

"నాకొచ్చింది గిదే అత్తా."

"సన్నగ పేను. కట్టె కొసకు గంటు కోసి, రెండు చుట్లు చుట్టి బిగియ్యి. చెర్నకోలకు కట్టినట్టు."

ఎడ్లను తోలే చెర్నకోల కట్టడంలో మా అత్తకు పేరుంది. వాడకట్టు మగవాళ్ళు కూడా ఆమెతో కట్టించుకుపోయేవారు. ఆమె చెప్పినట్టే కొసకు గంటు కోశాను. ముడి పడ్డాక రెండు చేతులా గుంజి చూశాను. ముడి కదల్లేదు.

మొదటి రోజు ఎడ్లకు గడ్డి కోసి, ఇల్లు ఊడ్చి, అత్తకు ఒళ్ళు తుడిచి గట్టుకు పోయేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఏమీ పడలేదు. కొర్రమట్ట ఎర్రలకు రాదని, కప్పపిల్ల కావాలని ఎవరో పోతూ పోతూ చెప్పారు. రెండో రోజు పొలంలో కప్పపిల్లను పట్టి ముల్లుకు గుచ్చాను. తామరాకుల పక్కన వేసి కూర్చున్నాను. కండ్లు మూతలు పడుతున్నాయి. ఒక్కసారి చెయ్యి గుంజుకుపోయింది. కట్టె వంగింది. నేను రెండు చేతులా ఎత్తాను. నల్లని వీపు, మోచేయంత పొడుగు, నీళ్ళమీద తిరగబడింది. గంటు కోసిన చోట కట్టె టప్పుమని విరిగింది. ముడి ఊడలేదు. జానెడు కొసతో సహా దారం చేపతోనే తామరాకుల్లోకి పోయింది. నేను ఉత్త కట్టె పట్టుకుని మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డాను.

గట్టుమీద వల బాగుచేసుకుంటున్న బెస్త ముసలమ్మ పండ్లు లేని నోటితో నవ్వింది.

"ఎడ్లను తోలినట్టు చాపను గూడ తోలుదామనుకున్నవా బిడ్డా?"

"నవ్వకు అవ్వా. ఇంట్ల మా అత్త పోయేటట్టున్నది."

ఆమె నవ్వు ఆపింది. కట్టె ఇటు తెమ్మంది. విరిగిన చోటు బొటనవేలితో తడిమింది.

"చెర్నకోలనైతే నువ్వు గుంజుతవు. దీన్ని చాప గుంజుతది. బలమంతా కొసమీద పెడితే కొస ఆగుతదా?"

తన బుట్టలోంచి సన్నని నూలు దారం తీసింది. తుమ్మచెక్క నీళ్ళలో ఉడికించిన దారం, ఎర్రగా బిరుసుగా ఉంది. దాన్ని కొసకు కట్టలేదు. నా పిడికిలికి మూరెడు పైన, కట్టె లావుగా ఉన్నచోట రెండు ముడులు వేసింది. అక్కడినుంచి కట్టెకు చుట్టుకుంటూ పైకి పోయింది. కణుపు కణుపుకు ఒక మెలిక. కొస దగ్గర గంటు లేదు, దారం పక్కకు జారకుండా ఒక్క కొక్కి ముడి, అంతే. ఆ పైన కట్టె ఎంత పొడుగుందో దారం అంతే వదిలి తెంపి, నా దగ్గర మిగిలిన రెండో ముల్లు కట్టింది.

"కొస ఇరిగినా దారం నీ చేతికాడ్నే ఉంటది. ఇడిసిన దారం కట్టెకంటె పొడుగు పెట్టకు. చాప పడ్డంక నీ చేతికి అందదు."

దారానికి ఏమివ్వాలని అడిగాను.

"నా మడిల కలుపున్నది. పొద్దుగాల వచ్చి తీసిపో."

మరునాడు మధ్యాహ్నం దాకా ఆమె మడిలో వంగి కలుపు తీశాను. ఇంటికి పోతే అత్త కండ్లు తెరవలేదు. పిలిస్తే ఊఁ అంది. తల పట్టి పెదాలకు నీళ్ళు తగిలిస్తే పక్కలనుంచి కారిపోయాయి. అప్పుడు చెప్పాను, నీ ముడి మంచిగనే ఉండె, కట్టె ఇరిగింది అని. పెదాలు కదిలాయి. వంగి విన్నాను.

"కట్టె... ఎండింది తీస్కోవాల్సుండె."

అంత నీరసంలోనూ తప్పు నాదే. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు. మళ్ళీ గట్టుకు పోయాను.

ఆ సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే చేప పడింది. కట్టె కొస మళ్ళీ విరిగింది. విరిగిన ముక్క దారం మీద వేలాడింది కానీ దారం పోలేదు. కట్టె కింద పడేసి దారాన్నే చేతికి చుట్టుకుని వెనక్కి నడిచాను. అరచెయ్యి తెగింది. చేప ఒడ్డెక్కి మట్టిలో కొట్టుకుంది. పైట తీసి దానిమీద వేసి, దానిమీద నేను పడ్డాను. ముసలమ్మ చూసిందో లేదో తెలియదు. ఎవరూ నవ్వలేదు మాత్రం.

బూడిదతో రుద్ది, జిగురు పోయేదాకా బండమీద తోమి, మిరియాలు దంచి పలచగా చారు కాచాను. అత్తను నా గుండెకు ఆనించి కూర్చోబెట్టాను. ఎండు గడ్డి కట్ట పట్టుకున్నంత బరువు కూడా లేదు. మొదటి గరిటె కారిపోయింది. రెండోది మింగింది. కక్కుతుందేమో అని గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కక్కలేదు. ఇంకో గరిటె తాగింది. నాలుగోది తాగి కండ్లు తెరిచింది.

"ఉప్పెక్కువైంది."

"నీళ్ళు కలుపుత."

"వద్దు. తలకాయ ఎవలికి దాచినవే?"

తలకాయ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. చీకింది. చాలాసేపు చీకింది. నాకు ఆకలి ఉందో నిద్ర ఉందో తెలియలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు గట్టుకు పోయాను. మూడు రోజులు ఉత్త చేతులతో వచ్చాను. ఉత్త చేతులతో వచ్చిన రోజుల్లో అత్త గంజి తాగింది, తిట్టుకుంటూ. పదో రోజు గోడ పట్టుకుని గడపదాకా వచ్చి కూర్చుంది.

కోతలకు నా పెనిమిటి వచ్చాడు. తల్లి చేతులు పట్టుకుని, ఇంత సన్నబడ్డవేందే అవ్వా అని అడిగాడు. ఆమె నావైపు చెయ్యి చూపించింది.

"నీ పెండ్లాన్నడుగు. ఇంట్ల పని ఇడిసిపెట్టి చెరువు గట్టు పట్టింది. ఎడ్లు సూడు ఎట్ల బక్కపడ్డయో."

అతను నా మొహం చూశాడు. ఎడ్లు నిజంగానే బక్కపడ్డాయి. నేను కుడితి కలపడానికి లేచాను.