చెల్లె రాసిన ఒక్క లైను

శంషాబాద్‌లో నేను పనిచేసే చిన్న కంపెనీలో, విమానాలు ఆగే చోట బండ్లు నడిపే డ్రైవర్ల శిక్షణకోసం ఒక గేమ్ తయారుచేస్తున్నాం. తెరమీద సామాన్ల బండ్లు, బస్సులు, లారీలు తిరుగుతుంటాయి. ప్రమాదం బటన్ నొక్కితే అన్నీ ఆగాలి. అందుకని నేను ప్రతి బండినీ వెతికి, మౌసుతో లాగి, బండ్లను ఆపే ప్రోగ్రాముకు జతచేసేదాన్ని. కొత్త బండి వచ్చినప్పుడల్లా మళ్లీ అదే పని. నా ఓపికను సారు మెచ్చుకునేవారు.

నాకు చెల్లెలయ్యే మా చిన్నమ్మ బిడ్డను మా కంపెనీలో పెట్టించింది నేనే. పాల్మాకుల నుంచి రోజూ నా స్కూటీ వెనకే కూర్చుని వచ్చేది. చేరిన కొద్దిరోజులకే నా పని చూసి, "అక్కా, గిట్ల ఒక్కొక్కటి ఎందుకు లాగుతున్నవ్? బండి రకానివి ఏమేం ఉన్నయో అన్నీ తెమ్మని గేమ్ నడిపే సాఫ్ట్‌వేర్‌నే అడిగితే అయిపోతది గద" అంది. ఒక్క లైను కోడ్ రాసింది. గేమ్ మొదలవగానే బండ్లన్నీ వాటంతటవే దొరికాయి.

"ఇన్నాళ్లూ ఇది తట్టలేదేంటమ్మా?" అని సారు నన్నడిగారు. నేనూ నవ్వాను. ఆ రోజు అన్నం డబ్బా సగం అలాగే ఇంటికి తెచ్చాను.

ఇక ఆ లైనులో తప్పు వెతకడమే నా ధ్యాస అయింది. చివరికి దొరికింది. బటన్ నొక్కితే అన్నీ ఆగాయి గాని, విమానానికి భోజనాలు తెచ్చే లారీ ఒకటి ఆగకుండా విమానం మీదికి దూసుకెళ్లింది. గేమ్‌లో దాని వంతు వచ్చేదాకా ఆ లారీని తెరమీదికి రాకుండా ఆఫ్ చేసి ఉంచుతాం. గేమ్ మొదలైనప్పుడు ఆఫ్‌లో ఉన్నవి ఆ వెతుకులాటకు కనబడవు; తర్వాత ఆన్ అయినా బటన్ వాటిని ఆపదు. నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అందరూ వినేలా ఆమెను పిలిచి చూపించాను.

ఆమె మొహం చిన్నబోలేదు. "మంచిగ పట్టినవ్ అక్కా. నేనైతే చూడనే లేదు" అని, ఆఫ్‌లో ఉన్నవాటిని కూడా వెతికేలా ఆ లైనునే కొంచెం మార్చింది. లారీ ఆగింది. తర్వాత సారు దగ్గరికి పోయి, "అక్క చూడకపోతే ఎయిర్‌పోర్టోళ్ల ముంగట ఇజ్జత్ పోతుండె సార్" అంది. ఆమె నామీద కోపం తెచ్చుకున్నా నాకు బాగుండేది.

ఎయిర్‌పోర్టు వాళ్లకు గేమ్ చూపించడానికి ఆమెనే పంపారు. కార్గో గేటు దాకా నేనే దింపాను. మెడలో పాస్ వేసుకుని, "ఎట్లున్న అక్కా?" అని అడిగింది.

"మంచిగున్నవ్" అన్నాను. నిజంగానే బాగుంది. లోపలికి పోయేదాకా చూస్తూ నిలబడలేక స్కూటీ తిప్పుకున్నాను.