తాడు దగ్గర మనిషి

ఆ వానాకాలం భద్రాచలం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన నేవీ రెస్క్యూ టగ్గు మీద పనిచేసి రిటైరయ్యాడట. జామకాయ విరిచి నాకు సగం పెట్టాడు.

“మా టగ్గు యుద్ధం జెయ్యలే బిడ్డా. తుఫాన్ల చెడిపోయిన ఓడలను తాడు గట్టి ఒడ్డుకు గుంజుకొచ్చేది. ఆఖరికి దాన్నే ఇంకో టగ్గు గుంజుకపోయింది, తుక్కు కింద అమ్మనీకె.”

పాల్వంచ దాటాక వాగు రోడ్డు మీదికి వచ్చేసింది. బస్సు సరిగ్గా నీళ్ల మధ్యలో ఆగిపోయింది. సెల్లుకు సిగ్నల్ లేదు. అవతలి ఒడ్డున జామాయిలు కర్రలు మోసే ఖాళీ లారీ ఒకటి ఉంది. దాని తాడు తెచ్చి బస్సుకు కట్టడానికి ఎవరూ దిగలేదు. పెద్దాయనే దిగి, రెండు బండ్లకూ ముడులు వేశాడు. ఆడవాళ్లు కిటికీల్లోంచి ఆయనకు దణ్ణాలు పెట్టారు.

తర్వాత ఆయన లారీ వెనక ఎక్కి, దాని డ్రైవరును గొడ్డలి అడిగి తీసుకుని తాడు పక్కన నిలబడ్డాడు. లారీ లాగడం మొదలుపెట్టగానే నీళ్లు బస్సును పక్కకు నెట్టాయి. పిల్లలు ఏడుపు అందుకున్నారు. నేను చెయ్యి ఊపాను. ఆయన చూపు తాడు మీది నుంచి కదలలేదు.

బస్సు ఒడ్డెక్కాక వచ్చి మళ్లీ నా పక్కనే కూర్చున్నాడు.

“గొడ్డలి ఎందుకు తాతా?”

“బస్సు కొట్టుకపోతే లారీని గూడ గుంజుకపోతది గద. తాడు తెంపాలె.”

“మేమంతా లోపల ఉండగానే?”

“అవ్ బిడ్డా. గందుకే ఎనక ఓడల ఉన్నోళ్ల మొఖాలు చూడొద్దని మాకు ముందే నేర్పిచ్చిండ్రు.”

ఆ తర్వాత నా చేతివంక చూసి, “జామకాయ గట్లనే పట్టుకున్నవేంది? తిను” అన్నాడు.